మన నుయ్యి, పక్కింటి ట్యాంకు

గోదావరి డెల్టాలో ఏ ఊరి కరెంటు స్తంభం చూసినా ఓ కాగితం అంటించి ఉంటుంది. సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేయబడును, ఇరవై నాలుగు గంటలూ, కింద ఫోన్ నంబరు. మనిషి పేరుండదు, ఊరి పేరుండదు. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లినా, పాలకొల్లు నుంచి భీమవరం వెళ్లినా ఇదే వరస. ఇంటినిండా పెళ్లి చుట్టాలుండగా బాత్రూం ఎదురుతన్నిందంటే ఆ టెన్షన్‌లో ఎవరైనా చేసేది ఒకటే. ఆ నంబరుకి ఫోన్ చేసి "ఎంత తీసుకుంటారు?" అని అడగడం. లారీ వస్తుంది, గొట్టం వేస్తుంది, అరగంటలో వెళ్లిపోతుంది. ఎక్కడికి వెళ్లిందో మనం అడగం, అతను చెప్పడు.

ఈ పద్ధతి మానుకోవాలన్నది నా వాదన. ట్యాంకు తోడించడానికైనా, నూతిలో పూడిక తీయించడానికైనా, మన ఊరి నీళ్లు ఎలా నడుస్తాయో తెలిసిన మనిషిని, రేపు సంతలో మనకి ఎదురుపడే మనిషిని పిలవాలి. పిలిచాక పనితెలిసిన మనిషిగా చూడాలి, ఆ లెక్కనే డబ్బివ్వాలి. "లోకల్ వాళ్లని ప్రోత్సహిద్దాం" అనే సెంటిమెంటుతో చెప్పడం లేదు. మిగతా చోట్ల సంగతేమో గానీ, గోదావరి కింద భూమి తీరే అలాంటిది.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలైనప్పటి నుంచీ ఇక్కడి భూగర్భజలం కాలువతో పాటే పైకీ కిందకీ ఆడుతోంది. జూన్‌లో కాలువలు వదిలితే నూతుల్లో నీళ్లు లేస్తాయి. సార్వా (ఖరీఫ్) చేలల్లో నీళ్లు నిలిచి, వానలు కూడా తోడైతే కొన్ని ఊళ్లలో వంగి చెంబుతో ముంచుకునేంత పైకి వస్తాయి. దాళ్వా (రబీ వరి) చివర కాలువలు కట్టేస్తే మళ్లీ దిగుతాయి. ఈ పైపొర కింద చాలాచోట్ల ఉన్నది ఉప్పునీళ్లు. సముద్రం వైపు, అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు పక్కకి వెళ్లేకొద్దీ మంచినీటి పొర మరీ పలచబడుతుంది. రాయలసీమలోనో తెలంగాణలోనో బోరు వందల అడుగులు దిగి రాతి పగుళ్లలోంచి నీళ్లు తెస్తుంది. మనకి ఆ దారి లేదు, చాలాచోట్ల లోతుకెళ్తే ఉప్పే. నుయ్యి తవ్వినా, ఫిల్టరు పాయింటు (జల్లెడ గొట్టం దించిన తక్కువ లోతు బోరు) వేసినా తోడుకునేది ఆ పలచటి పొరనే. సెప్టిక్ ట్యాంకు కూర్చునేదీ సరిగ్గా అందులోనే.

సెప్టిక్ ట్యాంకులకి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) వాళ్ల ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 2470. ట్యాంకులోంచి వచ్చే నీళ్లు నేలలోకి దిగే ఇంకుడు గొయ్యికీ తాగునీటి నూతికీ మధ్య కనీసం 18 మీటర్ల దూరం ఉండాలని అందులో రాశారు. అంటే దగ్గరదగ్గర 60 అడుగులు. ఐదు సెంట్ల స్థలం అనుకోండి, 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు. ఈ చివర నుయ్యి పెట్టి ఆ చివర గొయ్యి పెట్టినా బొటాబొటీ. మరి పక్కింటివాళ్ల నుయ్యి ఎక్కడుంది? ఇక్కడ వాస్తు వచ్చి పడుతుంది. నుయ్యి ఈశాన్యంలో ఉండాలి, మరుగుదొడ్డి ట్యాంకు వాయవ్యంలో ఉంటే మంచిదంటారు. తూర్పు పడమరలుగా వరసగా ఇళ్లున్న వీధిలో అందరూ ఈ నియమాన్ని తుచ తప్పకుండా పాటిస్తే ఏమవుతుందో కాగితం మీద గీసి చూడండి. మన ఈశాన్యం మూలా, తూర్పింటివాళ్ల వాయవ్యం మూలా ఒకేచోట కలుస్తాయి. మధ్యన ఓ ప్రహరీ గోడ. వాస్తు ప్రకారం రెండిళ్లూ దివ్యంగా ఉన్నాయి, నీళ్లు మాత్రం కలిసిపోయాయి. (వాస్తు మీద పోట్లాటకి నేను రాలేదు. ఇల్లు కట్టేటప్పుడు ఆ పోట్లాటలో గెలిచినవాణ్ని ఇంతవరకూ చూడలేదు కూడా.)

"మేమేం నూతి నీళ్లు తాగడం లేదుగా, ఇరవై లీటర్ల టిన్ను వస్తోందిగా" అంటారు చాలామంది. నిజమే, తాగడం లేదు. కానీ గిన్నెలు తోమేది ఆ నీళ్లతోనే. కొత్తిమీర కడిగేది, పొద్దున్నే నోరు పుక్కిలించేది, పసిపిల్లలకి స్నానం చేయించేది అన్నీ ఆ నీళ్లే. టైఫాయిడో పచ్చకామెర్లో రావడానికి గ్లాసుడు తాగనక్కర్లేదు. తాగే నీళ్లు వంద మిల్లీలీటర్లు తీసి పరీక్షిస్తే మలంలో ఉండే ఈ-కోలి బాక్టీరియా ఒక్కటి కూడా కనబడకూడదని ఐఎస్ 10500 ప్రమాణం. గ్రామాల్లో వాడే నీటి పరీక్ష కిట్లలో చిన్న సీసా ఒకటి ఉంటుంది. దాంట్లో నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే, మలసంబంధమైన బాక్టీరియా ఉన్న నీళ్లు నల్లబడతాయి. ఓసారి మీ నూతి నీళ్లతో ఆ సీసా నింపి చూడండి, టిన్ను సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

ఇక ట్యాంకు. మన ఊళ్లలో సెప్టిక్ ట్యాంకు అని పిలిచేవాటిలో చాలావాటికి అసలు అడుగుండదు. సిమెంటు వరలు నాలుగో ఐదో దింపి, మూత వేసి, గాలిగొట్టం నిలబెడితే ట్యాంకయిపోయింది. ఇటుకలతో కట్టినవాళ్లు కూడా అడుగున కాంక్రీటు వేయకుండా వదిలేస్తుంటారు. "అడుగేస్తే రెండేళ్లకే నిండిపోద్దండి, వదిలేస్తే ఇరవయ్యేళ్లు చూసుకోనక్కర్లేదు" అని మేస్త్రీ గర్వంగా చెబుతాడు, ఇంటాయన సంతోషంగా తలూపుతాడు. "మా ట్యాంకు కట్టి పదిహేనేళ్లయింది, ఒక్కసారీ తోడించలేదు" అని అరుగు మీద కూర్చుని చెప్పుకునేవాళ్లనీ చూశాను, బండి మైలేజీ చెప్పుకున్నట్టు. ఎప్పటికీ నిండని ట్యాంకంటే లోపలున్నది ఎటో పోతోందనే కదా. ఎటు పోతోందో చెప్పడానికి ఇంజనీరు అక్కర్లేదు.

సరిగ్గా కట్టిన ట్యాంకులో బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యనున్న నీళ్లు రెండో గదిలోంచి బయటికి పోతాయి. ఆ మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి. బయటికి పోయే నీళ్లు కూడా శుభ్రమైనవేం కావు, అవి ఇంకా నేలలో వడకట్టుకోవాలి. వడకట్టాలంటే కింద పొడి నేల ఉండాలి. అందుకే భూగర్భజలం ఆరడుగుల లోపే ఉన్నచోట మామూలు ఇంకుడు గొయ్యి పనికిరాదని, మట్టి మెరక చేసి అందులోకి పారించాలని ఐఎస్ 2470 చెబుతోంది. కోనసీమలో అలా మెరక వేసిన ఇల్లు మీకు తెలిస్తే చెప్పండి, వచ్చి చూసిపోతాను. మనవాళ్లు చేసేది పైపుని తిన్నగా పంటబోదెలోకో, రోడ్డు పక్క డ్రెయిన్‌లోకో వదిలేయడం.

మా బావ కాకినాడలో ఉంటాడు, ఈ విషయం మీద మా ఇద్దరికీ ఎప్పుడూ పడదు. "ఏరా, ట్యాంకు తోడడానికి కూడా ఊళ్లోవాడే కావాలా నీకు? లాగేదంతా మిషనే కదా. ఎవడైతే ఏంటి, తక్కువకొచ్చేవాణ్ని పిలుచుకో" అంటాడు. వినడానికి బానే ఉంటుంది. మిషను ఎవరిదైనా ఒకటే, ఒప్పుకుంటాను. ఎప్పుడు పెట్టాలో, ఎంతవరకు లాగాలో, అసలెప్పుడు పెట్టకూడదో మిషనుకి తెలీదు కదా బావా అంటాను.

ఓ శ్రావణమాసంలో మా ఇంట్లో బాత్రూం నీళ్లు దిగడం మానేశాయి. మా ఊళ్లోనే ట్రాక్టరు ట్యాంకరున్న అతనికి కబురు పెట్టాం. అతను ట్రాక్టరు తేలేదు, మోపెడ్ మీద వచ్చాడు. చేతిలో వెదురు గెడ. దాని చివర రెండు మూడడుగుల మేర పాత తెల్ల తువ్వాలు చుట్టి పురికొసతో బిగించి ఉంది. ట్యాంకు మూత పక్కకి జరిపి, మొహం తిప్పుకుని దూరంగా కాసేపు నిలబడ్డాడు. తర్వాత గెడని అడుగు తగిలేదాకా నిలువుగా దింపి, కాసేపు ఉంచి, కదలకుండా మెల్లిగా పైకి తీశాడు. తువ్వాలు మీద కింద జానెడు మేర చిక్కటి నలుపు అంటుకుంది, దానిపైన ఉత్త బూడిదరంగు తడి.

"మడ్డి మూడో వంతు కూడా లేదండి. ఇప్పుడు తోడించడం డబ్బులు దండగ" అన్నాడు.

"మరి నీళ్లెందుకు దిగట్లేదయ్యా?"

"ఇటు రండి చూపిస్తాను" అని వీధిలోకి తీసుకెళ్లాడు. రోడ్డు పక్క డ్రెయిన్ నిండుగా నిలబడిపోయింది. మా పైపు మూతి నీళ్లలో మునిగి ఉంది. దిగువన తూము దగ్గర గుర్రపుడెక్క అడ్డంపడి నీళ్లు కదలడం లేదు. "ముందు పంచాయతీ వాళ్లకి చెప్పి ఆ డెక్క తీయించండి. మీ నీళ్లు వాటంతటవే దిగుతాయి. తోడడం సంగతి కాలువలు కట్టాక చూద్దాం. ఇప్పుడు నేల నిండా నీళ్లే ఉన్నాయి కదండీ, ట్యాంకు ఖాళీ చేశామంటే కింద నుంచి తన్నేస్తాయి."

ఆ ఆఖరి మాట గురించి కొంచెం చెప్పాలి. నీళ్లలో కూర్చున్న ఖాళీ డబ్బా పైకి లేవాలనే చూస్తుంది. ట్యాంకులో ఘనమీటరు ఖాళీ అయినప్పుడల్లా చుట్టూ ఉన్న నీళ్లు దాన్ని టన్ను బరువుతో పైకి నెడతాయి. ప్లాస్టిక్ ట్యాంకయితే ఏకంగా లేచి, పైపులు తెంపుకుని పక్కకి ఒరుగుతుంది. ఇటుక కట్టుబడయితే అడుగు పగులుతుంది, గోడ లోపలికి వస్తుంది. అందుకే తెలిసినవాళ్లు నీళ్లు పైకున్న రోజుల్లో అత్యవసరమైతే సగం వరకే లాగి వదిలేస్తారు. వేసవిలో తోడినా అడుగున కొంచెం మడ్డి ఉంచుతారు, కుళ్లబెట్టే బాక్టీరియా మళ్లీ మొదలవడానికి.

రెండు వీధుల అవతల ఒకాయన అదే నెలలో స్తంభం మీది నంబరుకి ఫోన్ చేశాడు. లారీ వచ్చి అడుగంటా లాగేసింది. వెళ్తూ వెళ్తూ ఆయన ఇంటి ముందు తూము పలక విరగ్గొట్టి పోయింది. కొబ్బరితోటల మధ్య మన సందులు ట్రాక్టరు పట్టడమే గొప్ప. మర్నాటికి ట్యాంకు సగం నిండింది. లారీవాడు మోసం చేశాడని ఆయన ఊరంతా చెప్పాడు. నాకైతే లారీవాడి మీద ఆ విషయంలో అనుమానం లేదు, లాగాల్సిందంతా లాగాడు. నిండింది నేలలోని నీళ్లు. అంటే ఆ ట్యాంకుకి అడుగునో పక్కనో దారి ఉంది. శ్రావణంలో ఏ దారిన నీళ్లు లోపలికి వచ్చాయో, వైశాఖంలో అదే దారిన లోపలిది బయటికి పోతుంది. ఈ మాట ఆయనకి లారీవాడు చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ అతనికి లేదు. అతను మళ్లీ ఆ వీధికి రాడు. మా ట్రాక్టరతనైతే చెప్పేవాడు, ఎందుకంటే ఆ పక్కింట్లో అతని మేనత్త ఉంటుంది.

నూతి పని ఇంకా సున్నితం. మా వైపు నుయ్యంటే ఇసుకలో వరలు దించినదే. ఒక వర పెట్టి, దాని లోపల మట్టి తవ్వుతూ పోతే బరువుకి అది దిగుతుంది, పైన ఇంకోటి పెడతారు. ఆ వరలని నిలబెడుతున్నది చుట్టూ ఉన్న ఇసుకా, లోపలున్న నీళ్లూ. పెద్ద మోటారు పెట్టి ఒక్క ఊపున నీళ్లన్నీ లాగేస్తే అడుగు నుంచి ఇసుక పొంగుతుంది, వర ఒక పక్కకి కుంగుతుంది, అతుకు విడిపోతుంది. విడిపోయిన అతుకులోంచి ఏం వస్తుందో పైన చెప్పుకున్నాం. మాకు నూతి పని చేసిపెట్టే తాత ఒకాయన ఉన్నాడు. కాలువలు కట్టేశాక గానీ పనికి ఒప్పుకోడు. మోటారు వేసినా కాసేపు నడిపి, కాసేపు ఆపి, ఊట చూసుకుంటూ తోడిస్తాడు.

ఆయన మొదట చేసే పని అద్దం తీయడం. గోడకి తగిలించుకునే మామూలు అద్దం. ఎండలో నిలబడి ఆ వెలుతురుని నూతిలోకి తిప్పి, వర వెంట వర చూసుకుంటూ పోతాడు. ఒకసారి నన్ను పిలిచి చూపించాడు. తూర్పు వైపు మూడో వర అతుకు దగ్గర నల్లటి జిగురు చార ఒకటి కిందకి జారి ఉంది, మిగతా చుట్టంతా మామూలు పాచే. "మడ్డి తీయడం తర్వాత సంగతి బాబూ, ముందు ఇది మూయాలి. పక్కోళ్ల ట్యాంకు ఇటే కదా?" అన్నాడు. అవును, వాళ్ల వాయవ్యం. ఆ అతుకు సిమెంటుతో పూడ్చి, వెలుపల మట్టి తవ్వి జిగురుమట్టి దట్టించి, పైన చప్టా వాలు బయటికి ఉండేలా సరిచేశాడు. దాంతో నీళ్లు అమృతమయ్యాయని అనను, పక్కోళ్ల ట్యాంకు ఉన్నచోటే ఉంది. కానీ సమస్య ఎక్కడుందో చెప్పింది అద్దం పట్టుకున్న ఆ మనిషే. అంతకుముందు ఎవరో బ్లీచింగ్ చల్లమన్నారు, ఇంకెవరో మోటారు మార్చమన్నారు.

బ్లీచింగ్ అంటే గుర్తొచ్చింది, మనవాళ్లు దాన్ని దోసిళ్లతో విసురుతారు. లెక్క చాలా చిన్నది. మామూలు రోజుల్లో మంచి రకం బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు. నాలుగడుగుల వెడల్పు నూతిలో పదడుగుల నీళ్లుంటే సుమారు 3,550 లీటర్లు. అంటే దాదాపు తొమ్మిది గ్రాములు, రెండు చిన్న చెంచాలు. బకెట్లో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుగున దిగాక పైతేట మాత్రమే నూతిలో దించి చేదతో నాలుగైదుసార్లు కలిపి గంటసేపు వదిలేయాలి. వరద మునిగిన నూతికి ఇది చాలదు, అక్కడ ఘాటుగా వేసి, నీళ్లు తోడిపోసి మళ్లీ వేయాలి. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్లకి, 2022 జూలైలో లంకల్లో ఇళ్లు మునిగినవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో నుయ్యీ, ట్యాంకూ, డ్రెయినూ అన్నీ ఒకటే చెరువు.

ఇక మనుషుల ప్రాణాల సంగతి. పాశర్లపూడిలో గ్యాసు బావి బ్లోఅవుట్ అయి 1995లో రెండు నెలలకి పైగా మండింది. 2014లో నగరం అనే ఊరి దగ్గర గ్యాసు పైపులైను పేలింది. గ్యాసంటే ఏమిటో కోనసీమకి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ మనకి తెలిసిన గ్యాసు మండుతుంది, కనబడుతుంది. ట్యాంకులో ఉండేది అలా కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమున్నప్పుడు కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తుంది. ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోయి వాసన తెలీడం మానేస్తుంది. వాసన పోయింది, ఇక ఫరవాలేదనుకుని దిగినవాడు దిగినట్టే పడిపోతాడు. తీయడానికి దిగిన అన్నో కొడుకో అతని మీద పడతాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు ముగ్గురు పోయారని పేపర్లో చదివేది ఇలాంటివే. పాత నూతుల్లోనూ అంతే, అడుగున ఆక్సిజన్ ఉండకపోవచ్చు. లాంతరు దించి ఆరిపోతుందేమో చూడడం పాత పద్ధతి. అది ఆక్సిజన్ లేకపోతే చెబుతుంది గానీ హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి చెప్పదు. ట్యాంకులో అయితే మీథేన్ ఉంటుంది కాబట్టి దీపం దించడమే ప్రమాదం. అన్నిటికంటే తెలివితక్కువ పని, నూతి లోపల తాడుతో డీజిలింజను దించి నడపడం. దాని పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు.

చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. 2013 నాటి మాన్యువల్ స్కావెంజర్ల (మలం చేత్తో ఎత్తే పనివాళ్ల) నియామక నిషేధ చట్టం ప్రకారం రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులో దించి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది మున్సిపాలిటీలకే అనుకోకండి, ఏ వ్యక్తీ పెట్టకూడదని రాసి ఉంది, ఇంటి యజమానితో సహా. ఈ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబాలకి 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకి పెంచింది. ఈ పోరాటాన్ని కోర్టు దాకా తీసుకెళ్లిన పారిశుద్ధ్య కార్మికుల సంస్థ సఫాయి కర్మచారీ ఆందోళన్‌కి ముందు నిలిచిన బెజవాడ విల్సన్‌కి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. అయినా మన ఊళ్లలో "కొంచెం దిగి అడుగున గీకెయ్యరా, ఇంకో ఐదొందలిస్తాను" అనే మాట ఆగలేదు. ఆ "రా" ఎవరి మీద వాడతామో, వాళ్లు ఏ పేట నుంచి వస్తారో అందరికీ తెలుసు. ఫ్రిజ్ బాగుచేయడానికొచ్చిన కుర్రాణ్ని "మీరు" అని, కాఫీ ఇచ్చి, బిల్లు చూసి నోరెత్తకుండా కట్టేసే ఇంట్లోనే ఈ మాట వినబడుతుంది.

కాబట్టి లోకల్ వాడైతే చాలు అని నేననడం లేదు. అడుగులేని ట్యాంకు కట్టింది కూడా లోకల్ మేస్త్రీయే. మాస్కూ, బూట్లూ లేకుండా పనికొచ్చేదీ లోకల్ వాళ్లే, "మాకలవాటేనండీ" అనేస్తారు. అలవాటుతో విషవాయువుకి సంబంధం లేదు. నేను చెప్పేదల్లా, ఊళ్లోవాడికైతే మనం ఒక షరతు పెట్టొచ్చు, అతను మనకొకటి పెట్టొచ్చు. లోపలికి దిగేది లేదు అని అతను చెప్పాలి, సరేనని మనం ఒప్పుకోవాలి. స్తంభం మీది నంబరుతో ఆ సంభాషణ సాధ్యం కాదు.

అడగాల్సిన అసలు ప్రశ్న ఇంకొకటుంది: తోడింది ఎక్కడ పోస్తావు? చాలా లారీలు రాత్రిపూట డ్రెయిన్‌లోనో, ఊరవతల కాలువగట్టు దిగువనో వదిలేస్తాయి. డెల్టాలో ఊరవతల అంటూ ఏమీ లేదు, ఒక ఊరి చివర ఇంకో ఊరి మొదలు. మన మంచినీళ్ల చెరువు నింపేది కాలువ నీళ్లతోనే. డ్రెయిన్ నీళ్లు చేపల చెరువులకి తోడుకునేవాళ్లున్నారు. మన ట్యాంకులోది రెండు వేలు తక్కువకి పోయిందని సంతోషిస్తే అది రెండూళ్ల కిందనున్నవాళ్ల చెరువులో తేలుతుంది. పైఊరివాళ్లది మన దాంట్లో. మలవ్యర్థాల నిర్వహణ మీద కేంద్రం 2017లో జాతీయ విధానం తెచ్చింది, వరంగల్ లాంటి నగరాలు శుద్ధి కేంద్రాలు పెట్టుకున్నాయి. మన వైపు అలాంటి కేంద్రం ఎంత దూరంలో ఉందో, ట్యాంకరు అక్కడిదాకా వెళ్లిరావడానికి డీజిలు ఎంతవుతుందో అసలు రేటులో కలవాలి. ఆ ఖర్చు ఇవ్వకుండా "సరైన చోట పొయ్యి" అనడం న్యాయం కాదు.

మా ట్రాక్టరతను ఈ లెక్క దాచకుండా చెప్పాడు. ఒక్కింటి కోసం అంత దూరం పోతే తనకి మిగిలేదేం లేదు. అదే ఒక వీధిలో ఆరేడిళ్లవాళ్లు ఒకే వారంలో తోడించుకుంటే ట్రిప్పులు కలిసొస్తాయి, డీజిలు అందరి మీదా పడుతుంది, పైపుల వరస కూడా ఒకసారే చూసుకోవచ్చు. అతనికి గ్లౌజులు, బూట్లు, మంచి గొట్టం కొనుక్కునేంత మిగులుతుంది. నూతి తాత కూడా అదే అన్నాడు, వరసగా నూతులన్నీ ఒకేసారి చూస్తే ఏ ట్యాంకు ఏ నూతిని పాడుచేస్తోందో తేలిపోతుందని. ఇది విని మా వీధిలో నలుగురు ఒప్పుకున్నారు. తూర్పింటివాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు, వాళ్ల ట్యాంకు కట్టి పదిహేనేళ్లయినా ఇంకా నిండలేదట. ఈ ఏప్రిల్‌లో కాలువలు కట్టేలోపు వాళ్లింటికి ఓ సాయంత్రం ఆ వెదురు గెడ తీసుకుని వెళ్లాలని ఉంది. ట్రాక్టరతను తనూ వస్తానన్నాడు, వాళ్లింట్లో టీ బాగుంటుందట.